మా నెత్తిన కప్పు

ముస్లింల గురించి ఈ దేశంలో చాలా మాట్లాడారు. టోపీ గురించి మాట్లాడారు. గడ్డం గురించి, బుర్ఖా గురించి, తలాక్ గురించి మాట్లాడారు. క్రికెట్‌లో మేం ఎవరు గెలిస్తే చప్పట్లు కొడతామో కూడా మీరే తేల్చారు. మా పళ్ళెంలో ఏముందో వంగి చూశారు. తల పైకెత్తి మా ఇంటి కప్పు మాత్రం ఎవరూ చూడలేదు. అక్కడ కప్పు ఉందా లేదా అని అడిగినవాడు లేడు.

మేం ఇప్పుడు ఆ కప్పు గురించే మాట్లాడదలచుకున్నాం. మా అస్తిత్వం పుస్తకాల్లో కన్నా, సెమినార్లలో కన్నా అక్కడే ఎక్కువ తేలుతోంది కాబట్టి.

ఇల్లు కట్టినవాడికి తెలుసు. పునాది ఎలాగో పడుతుంది. అప్పు ఇటుకతోనో, పాత ఇటుకతోనో గోడ ఎలాగో లేస్తుంది. పేదవాడి ఇల్లు కప్పు దగ్గరే ఆగిపోతుంది. ఏ ఊరి సాయిబుల వీధికైనా వచ్చి చూడండి. లింటల్ దాకా లేచి నిలిచిపోయిన గోడలు. వాటిమీద నీలిరంగు పట్టా. కొన్నింటిమీద సిమెంటు రేకులు, రేకు గాలికి లేవకుండా పైన రాళ్ళు, పాత టైర్లు. ఒక తరం పునాది తీస్తుంది, ఇంకో తరం గోడ లేపుతుంది. స్లాబు మూడో తరానికి మిగులుతుంది. మధ్యలో ఒక పెళ్ళి, ఒక రోగం, ఒక అల్లరి వస్తే నాలుగో తరానికి పోతుంది.

పూర్వం మన ఊళ్ళల్లో కప్పును చూసి కులం చెప్పేవాళ్ళు. తాటాకు, రెల్లు గడ్డి కప్పుకున్నవాళ్ళు ఎవరో, కూన పెంకు వేసుకున్నవాళ్ళు ఎవరో, బంగ్లా పెంకు తెప్పించుకున్నవాళ్ళు ఎవరో, డంగు సున్నంతో డాబా పోయించుకున్నవాళ్ళు ఎవరో చూస్తేనే తెలిసిపోయేది. రాయలసీమలో మట్టి మిద్దెలు. దూలాల మీద దంతెలు పరిచి, పైన మన్ను దట్టించి, దానిమీద చౌడు పరిచేవాళ్ళు. ప్రతి ఏడూ వానలకు ముందు ఆ చౌడు మళ్ళీ తోలాలి. తోలలేనివాడి మిద్దె కారుతుంది. రైతు దగ్గర బండి ఉంటుంది, ఎడ్లు ఉంటాయి, చౌడు తోలుకుంటాడు. దూది ఏకుకునే దూదేకులవాడి దగ్గర, రోలుకు కక్కు కొట్టుకునే సాయిబు దగ్గర బండి ఎక్కడిది? అందుకే వానాకాలమంతా మా అమ్మలు, నానమ్మలు నడింట్లో గిన్నెలు పెట్టుకుని కూచున్నారు.

ఈ మాట అనగానే మీ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. 'మీరు రాజ్యమేలినవాళ్ళు కదా' అంటారు. చార్మినార్ చూపిస్తారు. గోల్కొండ చూపిస్తారు. ఫలక్‌నుమా చూపిస్తారు. అవి మావైతే మా ఇంటిమీద రేకు ఎందుకుంది? 1591లో చార్మినార్ కట్టించినవాడి పేరు మీకు తెలుసు. దాని రాయి కొట్టినవాడి పేరు మీకు తెలీదు, మాకూ తెలీదు. మేం ఆ రాయి కొట్టినవాడి మనవళ్ళం. రాజ్యం ఏలిందీ, జాగీర్లు తిన్నదీ గుప్పెడు కుటుంబాలు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు ఊళ్ళల్లో దెబ్బ తిన్నది మాత్రం ఆ గుప్పెడు కుటుంబాలు కాదు. జాగీరు ముఖం ఎరుగని సాయిబులు ఊళ్ళు వదిలి పట్నం చేరారు. ఉన్న కప్పు ఊళ్ళో వదిలేసి ఇక్కడ గుడిసె వేసుకున్నారు. ఆ గుడిసెల మీద స్లాబు పోసుకోవడానికి కొన్ని కుటుంబాలకు ఇప్పటికీ చేతకాలేదు. ఇదీ మేమేలిన రాజ్యం.

రాయి కొట్టిన మాట ఊరికే అనడం లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి వెనకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితా ఒకసారి చదవండి. అందులో తురక కాశ ఉన్నారు. వాళ్ళకున్న మారుపేర్లు చూడండి: రోళ్ళకు కక్కు కొట్టేవారు, పత్తర్ ఫోడులు. రాయి పగలగొట్టేవాడని ప్రభుత్వమే రాసుకుంది. మీ పునాదుల కింద పడింది ఆ రాయే. ఆ 4 శాతం మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. మతం పేరుతో రిజర్వేషనేమిటని కేకలేశారు. రాయి కొట్టేవాడికి ఏ మతముంది? సుత్తి దెబ్బకు ముక్క లేచి కంట్లో పడితే అది మతం అడిగి పడుతుందా?

ఇప్పుడు రోజులు మారాయి. గడ్డీ పెంకూ పోయి స్లాబు వచ్చింది. పొద్దున్నే ఏ పట్నంలోనైనా కూలీల అడ్డా దగ్గర నిలబడి చూడండి. మేస్త్రీల్లో, సెంట్రింగు పనివాళ్ళలో, ఇనుము వంచేవాళ్ళలో, కరెంటు పైపులు పరిచేవాళ్ళలో మావాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ కళ్ళతోనే లెక్కపెట్టుకోండి. పక్కనే పాలమూరు లేబరు, వడ్డెరలు, మాదిగలు, లంబాడీలు, ఒరిస్సా నుంచీ బీహారు నుంచీ వచ్చిన పిల్లలు. ఈ దేశం నెత్తిన కప్పు వేస్తున్నది వీళ్ళు. బహుజనం అంటే ఏమిటని అడిగేవాళ్ళు ఒక స్లాబు రోజున వచ్చి చూస్తే చాలు.

స్లాబు రోజంటే ఏమిటో మీలో చాలామందికి తెలీదు, పై అంతస్తుకు మెట్లెక్కడమే తెలుసు. అందుకని చెబుతాం. ముందు సెంట్రింగు నిలబెట్టాలి. సరుగుడు కర్రలో, ఇనప జాకీలో పాతి, వాటిమీద అడ్డకర్రలు వేసి, పైన ఇనప పలకలు పరుస్తారు. పలకలకు నూనె రాస్తారు, తర్వాత ఊడి రావడానికి. ఆ పైన ఇనుము పరుస్తారు. 8 మిల్లీమీటర్ల చువ్వ, 10 మిల్లీమీటర్ల చువ్వ, నిలువూ అడ్డమూ అల్లి ప్రతి కూడలి దగ్గరా తీగతో ముడివేస్తారు. చువ్వ పలకకు అంటకుండా కింద ముప్పావు అంగుళం మందాన సిమెంటు బిళ్ళలు పెడతారు. ఆ బిళ్ళ పెట్టకపోతే పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కప్పు పెచ్చులూడి పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. రూపాయి విలువ చెయ్యని బిళ్ళ మీద ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అది పెట్టాడా లేదా అన్నది మేస్త్రీ నీతికి సంబంధించిన సంగతి. కాంక్రీటు పోశాక పైనుంచి చూస్తే ఎవరికీ కనబడదు. అది పెట్టే మేస్త్రీ, ఇంటాయన ఏ దేవుడికి మొక్కుతాడో అడిగి పెట్టడు.

తెల్లవారకముందే మిల్లరు వస్తుంది. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు 20 మిల్లీమీటర్ల కంకర. ఒకసారి పోయడం మొదలుపెడితే ఆపడానికి లేదు. నీళ్ళు కలిపాక సిమెంటు ఎవరికోసమూ ఆగదు. నిన్నటి కాంక్రీటుకు ఇవాళ్టి కాంక్రీటు సరిగా అతకదు, అతుకు పడిన చోట వానాకాలం నీళ్ళు దిగుతాయి. అందుకే వాన వచ్చినా, మిల్లరు మొరాయించినా, చేతులు బొబ్బలెక్కినా పని సాగాల్సిందే. జుహర్ నమాజుకు మావాళ్ళు వంతులేసుకుని దిగుతారు, ఆ కాసేపూ వాళ్ళ తట్టలు పక్కవాళ్ళు మోస్తారు. దీనికి మతసామరస్యమని ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ ఫోటో తియ్యలేదు.

తట్టలు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. అందులో మా ఆడవాళ్ళూ ఉన్నారు. నెత్తిన చుట్టకుదురు, దానిమీద తట్ట, తట్టలో కాంక్రీటు, ఏటవాలు బల్ల మీద పైకి నడక. సిమెంటు నీళ్ళు కారి మెడ దగ్గర చర్మం కాలిపోతుంది. ముస్లిం స్త్రీ గురించి మీరు రాసిన వ్యాసాలన్నీ మేం చదివాం. వాటిలో ఎక్కడా ఈ తట్ట లేదు. బుర్ఖా బరువు తూచడానికి అంత కష్టపడ్డవాళ్ళు తట్ట బరువు తూచలేకపోయారా?

సాయంత్రానికి స్లాబు పడుతుంది. మర్నాడు పైన మట్టితో చిన్న చిన్న కట్టలు కట్టి నీళ్ళు నిలగడతారు. ప్రమాణాల పుస్తకం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ ఎక్కువున్న చోట 10 రోజులు తడపమంటుంది. మా మేస్త్రీలు 21 రోజులంటారు. కింద జాకీలు తియ్యడానికి తొందరపడొద్దంటారు. బలం వచ్చిందో లేదో 28వ రోజున తేలుతుందంటారు. కప్పు ఒక్క రోజులో పడుతుంది గానీ తన బరువు తను మొయ్యడానికి నెల పడుతుంది.

ఇంత చేసిన ఆ మేస్త్రీకి వాస్తు కొట్టిన పిండి. ఈశాన్యం పెరగాలా తగ్గాలా, వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, దేవుడి గది మీద మరుగుదొడ్డి పడకుండా పై అంతస్తు ఎలా మార్చాలి, అన్నీ ఆయనే చెబుతాడు. గడప పెట్టే రోజున పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, మామిడాకులు ఆయన దగ్గరుండి గుర్తుచేస్తాడు. ఇంటాయన మరిచిపోయినవి సాయిబు మరిచిపోడు. గృహప్రవేశం రోజున ఆయనకు కొత్త బట్టలు పెడతారు. వాకిట్లో కూచోబెట్టి భోజనం పెడతారు. 'మా ఇల్లు మస్తాన్ మేస్త్రీ కట్టాడు, రాయి' అని పదిమందికీ చెప్పుకుంటారు.

సరిగ్గా ఆ ఇంట్లోనే పై వాటాకు టులెట్ బోర్డు కడతారు. ఆ మేస్త్రీ కొడుకు చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని ఆ బోర్డు చూసి తలుపు తడితే మొదట జీతం అడుగుతారు, తర్వాత పేరు అడుగుతారు. పేరు విన్నాక ముఖం మారుతుంది. 'మా ఆవిడ ఒప్పుకోదండీ.' 'నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ.' 'మాకు అభ్యంతరం లేదు బాబూ, చుట్టుపక్కలవాళ్ళతో ఇబ్బంది.' 'నీచు వండుకునేవాళ్ళకు ఇవ్వమండీ.' ఈ చివరి మాట చెప్పిన ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం పొయ్యిమీద ఏం ఉడుకుతుందో వీధి మొత్తానికీ తెలుసు. తండ్రి పోసిన స్లాబు కింద కొడుకు కిరాయికి పనికిరాడు. ఈ దేశంలో అంటరానితనం కొత్త ఇల్లు మారిందంటే నమ్మరు గానీ, ఈ మాటలు వినని చదువుకున్న ముస్లిం కుటుంబం పట్నాల్లో ఒకటి చూపించండి.

ఇది మేం మాత్రమే చెబుతున్న మాట కాదు. 2005లో కేంద్రం నియమించిన సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. ముస్లింలకు కలగలుపు వాడల్లో ఇళ్ళు అద్దెకు గానీ కొనుక్కోవడానికి గానీ దొరకడం కష్టమవుతోందని, భయంతో ఒకేచోట గుమిగూడుతున్నారని అందులో ఉంది. గుమిగూడిన తర్వాత ఆ వాడలకు రోడ్డు ఉండదు, మురికికాలువ ఉండదు, బడి ఉండదు అనీ ఉంది. అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది, దాన్ని గట్టిగా చదవాలి. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను రెడ్ జోన్లుగా, నెగటివ్ జోన్లుగా గుర్తుపెట్టుకుని అక్కడ అప్పులు ఇవ్వడం లేదు.

అంటే ఏమైంది? మీ వాడలో మాకు కిరాయికి ఇవ్వరు. మా వాడలో మేం కట్టుకుందామంటే బ్యాంకు అప్పు ఇవ్వదు. ఆ తర్వాత 'వీళ్ళెందుకండీ అందరూ ఒకేచోట ఉంటారు, ప్రధాన స్రవంతిలో కలవరు' అని మీరే అంటారు.

ఒక కప్పుకు ఏమవుతుందో లెక్క చెబుతాం. 400 చదరపు అడుగుల చిన్న ఇల్లు అనుకోండి. 5 అంగుళాల మందం స్లాబు. దూలాలు కాకుండా ఒక్క స్లాబుకే సుమారు 38 బస్తాల సిమెంటు, మూడున్నర నాలుగు క్వింటాళ్ళ ఇనుము, 70 ఘనపుటడుగుల ఇసుక, 140 ఘనపుటడుగుల కంకర. ఆపైన సెంట్రింగు అద్దె, మిల్లరు అద్దె, పాతికమంది కూలి, ఆ పూట అందరికీ అన్నం, దాల్చా. ఇదంతా ఒకే రోజున చేతిలో ఉండాలి. గోడనైతే నెలకో వరస లేపొచ్చు. స్లాబును నెలకో మూర పొయ్యలేం. పేదవాడి సంపాదన రోజువారీగా వస్తుంది, కప్పు ఖర్చు ఒక్కసారిగా మీదపడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందులో దూరేది వడ్డీవ్యాపారి. వడ్డీ హరామని తెలిసినవాళ్ళం. ఆ హరాము ముట్టకూడదనుకుంటే తల్లి చేతి గాజులు అమ్మాలి, ముట్టుకుంటే డైలీ ఫైనాన్సు వాడి బండి చప్పుడుకు తలుపు చాటున దాక్కోవాలి. మా స్లాబుల్లో కంకరకంటే ఆడవాళ్ళ పుస్తెలూ గాజులే ఎక్కువ కరిగాయి.

పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. తెలంగాణలో 2024 మార్చిలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టి, సొంత జాగా ఉన్న పేదలు ఇల్లు కట్టుకుంటే 5 లక్షలు ఇస్తామన్నారు. మంచిదే. కానీ సొంత జాగా అన్నారు, అక్కడే మాలో సగంమందికి తలుపు మూసుకుంది. ఊళ్ళల్లో భూమి లేని కులాలం. పట్నంలో కిరాయి బతుకులం. డబ్బు కూడా దశ పూర్తయ్యాకే వస్తుంది. పునాది వేసి చూపిస్తే కొంత, గోడలు లేపి చూపిస్తే కొంత, స్లాబు పోసి చూపిస్తే కొంత. ముందు పొయ్యడానికి డబ్బున్నవాడికి తర్వాత డబ్బిస్తారు. ఆంధ్రలో 2020 డిసెంబరులో ఇళ్ళ పట్టాలు పంచారు. ఊళ్ళో సెంటున్నర, పట్నంలో ఒక్క సెంటు. ఒక్క సెంటంటే 48 చదరపు గజాలు. అందులో చాలాచోట్ల స్థలాలు ఊరికి దూరంగా పొలాల మధ్య వచ్చాయి. సైకిల్ రిపేరు చేసుకునేవాడు, పండ్ల బండి తోసుకునేవాడు అక్కడికెళ్ళి ఎవరి సైకిల్ బాగుచెయ్యాలి, ఎవరికి పండ్లమ్మాలి?

ఇక కాగితం సంగతి. పేదవాడు కట్టుకున్న ఇంటికి కాగితం వెనకనుంచి వస్తుంది, లేదా ఎప్పటికీ రాదు. ప్రభుత్వానికి ఇది తెలుసు. తెలుసు కనకనే తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరులో 58వ నంబరు జీవో తెచ్చి, సర్కారు భూమిలో 125 గజాల లోపు ఇళ్ళు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధం చేస్తామంది. అంటే కాగితం లేకుండా ఇల్లు కట్టుకోవడం ఈ దేశంలో నేరబుద్ధి కాదు, బతుకుతెరువు. అలా కట్టుకున్నవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. పెద్ద పెద్ద కాలేజీలూ, ఫామ్‌హౌసులూ కూడా ఉన్నాయి. మరి 'అక్రమ కట్టడం' అన్న మాట వినగానే మీ కళ్ళముందు ముందుగా ఏ వాడ మెదులుతుంది? నిజం చెప్పండి.

2022 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్‌లో శ్రీరామనవమి ఊరేగింపు దగ్గర గొడవలు జరిగాయి. మర్నాటికే బుల్డోజర్లు వచ్చాయి. కూలిన వాటిలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన డబ్బుతో కట్టిన ఇల్లు కూడా ఉంది. ప్రభుత్వం డబ్బిచ్చి పోయించిన కప్పును ప్రభుత్వమే పడగొట్టింది. అదే నెలలో ఢిల్లీలో జహంగీర్‌పురి. జూన్‌లో ప్రయాగ్‌రాజ్. నేరం రుజువు కాలేదు, కోర్టు విచారించలేదు. రాయి విసిరాడన్నవాడు ఒకడైతే, కప్పు పోయింది అతని తల్లికి, చెల్లెలికి, పాలు తాగే పిల్లకు. బుల్డోజరును పెళ్ళి ఊరేగింపుల్లో, ఎన్నికల ర్యాలీల్లో పూలదండలేసి ఊరేగించారు. కప్పు కూలడాన్ని చూసి చప్పట్లు కొట్టే జనం తయారయ్యారు. ఆ కప్పుకు ఎన్ని తట్టలు పడతాయో తెలిసినవాడెవడూ చప్పట్లు కొట్టలేడు.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిందితుడనో, దోషి అనో ఇల్లు కూల్చడం చెల్లదంది. 15 రోజుల ముందు నోటీసివ్వాలంది. అధికారే న్యాయమూర్తి కాలేడంది. తలమీద నీడ బతికే హక్కులో భాగమంది. ఆ తీర్పును మేం కళ్ళకద్దుకున్నాం. కానీ పూర్తిగా చదవండి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు, ఇలాంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని కూడా అందులో ఉంది. పేదవాళ్ళు ఉండేది మరెక్కడ? కొండమీద పెద్దవాళ్ళున్నారు, మెయిన్ రోడ్డుమీద కొట్లున్నాయి. మాకు మిగిలింది పట్టాల పక్క, మూసీ పక్క, చెరువు శిఖమే. 2024 చివర్లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డు బస్తీల్లో గోడలమీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నది బాగుపడాలనే వాళ్ళతో మాకు పేచీ లేదు. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ఇచ్చారు, ఆ మాటా చెబుతున్నాం. కానీ ఒక మనిషి ముప్ఫైయేళ్ళపాటు కూలి డబ్బుతో పోసుకున్న స్లాబుకు మూడు ఇంగ్లీషు అక్షరాలతో విలువ కట్టే అధికారం ఎవరిచ్చారు? ఆ గోడల వెనక ముస్లింలూ ఉన్నారు, దళితులూ ఉన్నారు. ఎర్రరంగు ముందు ఇద్దరం ఒకటే.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో నాలుగు మాటలు.

మసీదు స్లాబంటే ఊరూ వాడా కదులుతుంది. దుబాయ్ నుంచి డబ్బొస్తుంది, సౌదీ నుంచి డబ్బొస్తుంది. ఒకాయన సిమెంటు, ఒకాయన ఇనుము, ఒకాయన పాలరాయి. మినారు పక్క ఊరి మినారుకన్నా ఎత్తు లేవాలి. ఆ మసీదు నీడలోనే ఒక బేవా ఇంటి రేకు పగిలి పదేళ్ళయింది. అటువైపు ఎవరూ చూడరు. మనం చదువుకున్న ఫిఖా ఏమంటుంది? జకాత్ సొమ్ము మసీదు గోడకు చెల్లదు, పేదవాడి చేతికి చేరాలంటుంది. నూటికి రెండున్నర తీసి ఒక మొహల్లాలో ఏటా ఒకే ఒక్క ఇంటికి కప్పు వేసినా ఇరవైయేళ్ళలో ఆ మొహల్లాలో రేకు కనబడదు. రంజాన్‌లో ఇరవైమందికి చీరలు పంచి ఫోటో దిగడం మానేస్తే ఇది సాధ్యమే.

వక్ఫ్ భూములు ఎవరి కోసం రాసిచ్చారు? బీదల కోసం, యతీముల కోసం. వాటిని ముతవల్లీలు నామమాత్రపు కిరాయికి కట్టబెట్టుకుంటూ పోయారు. వక్ఫ్ మీద బయటివాడు చెయ్యేస్తే రోడ్డెక్కుతున్నాం, ఎక్కాల్సిందే. లోపలివాడు తిన్నప్పుడు కూడా రోడ్డెక్కాలి. తరతరాలుగా షేర్వానీ వేసుకున్నవాళ్ళే మన తరఫున మాట్లాడుతున్నారు. వాళ్ళకు మన సమస్య అంటే ఉర్దూ, పర్సనల్ లా, హజ్ సబ్సిడీ. హజ్ సబ్సిడీ 2018లో పోయింది, రేకుల ఇళ్ళవాళ్ళకు పోయిందేమీ లేదు. దూదేకులవాణ్ణి, ఫకీరును, రాయి కొట్టేవాణ్ణి పక్కన కూచోబెట్టుకోనివాళ్ళు ముస్లింలందరూ ఒకటే అంటే మేం నమ్మం. మసీదులో ఒకే వరసలో నిలబడతాం, సరే. పిల్లనిచ్చేటప్పుడు, పెత్తనం పంచుకునేటప్పుడు ఆ వరస ఎటుపోతోంది?

ఇంకో మాట. ఆ స్లాబులో గాజులు కరిగించినది తల్లి. పట్టా మాత్రం తండ్రి పేరున, ఆ తర్వాత కొడుకుల పేరున. ఖురాన్ కూతురికి వాటా రాసింది. ఆ వాటా అడిగిన కూతుర్ని పుట్టింటి గడప తొక్కనివ్వనివాళ్ళు మనలో ఎంతమంది లేరు? షరియత్ జోలికి రావద్దని ప్రభుత్వాన్ని అంటున్నాం. ఆ షరియత్ కూతురికిచ్చిన దాన్ని మనమే కాజేస్తున్నాం. ఇది కూడా కూల్చివేతే.

అభ్యుదయ మిత్రులారా, మీతో మాకు చాలాకాలంగా స్నేహం ఉంది. 1992 డిసెంబరు 6న మసీదు కూలినప్పుడు మీరు మాతో కలిసి ఏడ్చారు. కవితలు రాశారు. కాదనడం లేదు. ఆ గుమ్మటాలకోసం ఏడ్చినవాళ్ళు మా రేకులకోసం ఎందుకు కదలరని అడుగుతున్నాం. మీ కాలనీ సంక్షేమ సంఘంలో మీరు సభ్యులు. ముస్లింలకు కిరాయికి ఇవ్వొద్దని అక్కడ నోటిమాటగా అనుకున్నప్పుడు మీరు ఏ పక్కన కూచున్నారు? లౌకికవాదం మీద సభ పెట్టి సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు మీ గేటుకు కట్టిన టులెట్ బోర్డు ఒకసారి చూసుకోండి. మీ లౌకికవాదం అక్కడ తేలుతుంది, వేదిక మీద కాదు.

మా ఇళ్ళ పైన మీరొకటి గమనించే ఉంటారు. స్తంభాల చువ్వలు కొయ్యకుండా ఆకాశంలోకి వదిలేసి ఉంటాయి. తుప్పు పట్టకుండా కొందరు సిమెంటు పాలు పూస్తారు, కొందరు ప్లాస్టిక్ సీసాలు బోర్లిస్తారు. 'ఈ సాయిబుల ఇళ్ళు ఎప్పటికీ పూర్తికావు, అందం చందం లేదు' అని నవ్వుతారు. ఆ చువ్వలు రేపు పెళ్ళయ్యే కొడుకు గది కోసం, విడాకులై తిరిగొచ్చే కూతురి గది కోసం. పాకిస్తాన్ పొమ్మని మాకు చెప్పేవాళ్ళు ఆ చువ్వలు చూడాలి. పోయేవాడెవడూ పై అంతస్తుకు చువ్వలు వదలడు.

మాకు జాలి అక్కర్లేదు. అడిగేవి తేటగా అడుగుతాం. పేరును బట్టి, మతాన్ని బట్టి, కులాన్ని బట్టి ఇల్లు కిరాయికి నిరాకరించడం నేరమని చట్టం చెయ్యండి. ఇళ్ళ పథకాల డబ్బులో స్లాబు భాగాన్ని స్లాబుకు ముందే ఇవ్వండి. జాగా లేనివాళ్ళకు పనికి దగ్గరగా జాగా ఇవ్వండి. వాడను చూసి అప్పు ఆపే బ్యాంకును నిలదియ్యండి. సుప్రీంకోర్టు చెప్పిన 15 రోజుల నోటీసు నది ఒడ్డువాళ్ళకూ, పట్టాల పక్కవాళ్ళకూ వర్తించేలా చెయ్యండి. ఇంకో కప్పు చూపించకుండా ఉన్న కప్పు తియ్యొద్దు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ చట్టం 1996లోనే వచ్చింది, ఆ బోర్డులో పోగుపడిన సెస్సు డబ్బు తట్ట మోసిన ఆడమనిషి చేతికి చేరాలి.

ఇవేవీ జరక్కపోయినా మేం కట్టడం ఆపం. ఎవరి దయా లేకుండానే ఇంతదాకా కట్టుకున్నాం. రేపు పొద్దున్న కూడా అడ్డా మీద నిలబడతాం, మీ ఇంటికి సెంట్రింగు కడతాం, చువ్వ కింద బిళ్ళ తప్పకుండా పెడతాం. మీ కప్పు కూలదని మేం హామీ ఇస్తున్నాం. మా కప్పు గురించి ఆ హామీ మాకెవరిస్తారో మీరు చెప్పాలి.